పులి లేని పులిగోరు

22 జనవరి 2025

మంచు. తొమ్మిదయినా ఎండ రాలేదు. పడవ మీద రెండు పాయలూ తిరిగి కెమెరాల్లో కార్డులు మార్చాను. రెండో కెమెరా లెన్స్ మీద సాలీడు గూడు కట్టింది. తుడిచాను. పోటు తీసి నీళ్ళు తగ్గేసరికి పడవ మడ వేళ్ళలో ఇరుక్కుంది. మోకాలి లోతు బురదలో దిగి నెట్టుకొచ్చాను.

ఆఫీసులో కార్డులు పెట్టి చూశాం. ఎక్కువగా పీతలు, కొంగలు. కుడి చెవి చిరిగిన బావురుపిల్లి మళ్ళీ వచ్చింది. ఊరి కుక్కంత ఉంటుంది, ఈదుతుంది, చేపలు పట్టి తింటుంది. నీళ్ళలోంచి పైకి వచ్చి, ఒళ్ళు దులుపుకోకుండా, నేరుగా కెమెరా వైపు చూసింది. కళ్ళు రెండూ తెల్లగా పడ్డాయి. రేంజర్ గారు ఆడదే అన్నారు.

ఆ ఫోటో నా ఫోన్లోకి తీసుకున్నాను. ఇంటికొచ్చి మా అమ్మాయి భార్గవికి చూపించి, దీనికి నీళ్ళంటే భయం లేదు చూడు అన్నాను. చాలాసేపు చూసింది. ఫోన్ తిరిగి ఇవ్వలేదు.

24 జనవరి

మంచు. పడవ దింపలేదు.

రాత్రి భార్గవి మళ్ళీ నిద్రపోలేదు. నవంబరులో ఎదురుమొండి నుంచి వస్తూ రేవు దాటించే పంటు మీంచి కృష్ణలో పడింది. ఎవరో జుట్టు పట్టుకుని పైకి లాగారు. అప్పటి నుంచి ఇంతే. కళ్ళు మూతపడగానే లేచి నిలబడి అరుస్తుంది. కళ్ళు తెరిచే ఉంటాయి కానీ మమ్మల్ని గుర్తు పట్టదు. ఆరేళ్ళ పిల్లని ఎత్తుకుంటే బరువు తెలియడం లేదు. నిన్న బళ్ళో కూర్చున్నది కూర్చున్నట్టే ముందుకు తూలింది. బెంచీ అంచు తగిలి నుదురు చిట్లింది. టీచరు తీసుకొచ్చి దింపి, పూర్తిగా తగ్గాకే పంపండి అంది.

బందరు డాక్టరు ఒంట్లో ఏ జబ్బూ లేదంటున్నాడు. ఇలాగే చిక్కిపోతే మాత్రం అడ్మిట్ చేయాలంటున్నాడు.

రేవతి వాళ్ళమ్మ, అత్తయ్య కనకరత్నం, మా దగ్గరే ఉంటోంది. ఇది మందులకు పోయే జడుపు కాదు, పులిగోరు కట్టాలి అంది. మా ఇళ్ళలో సముద్రానికి పోయేవాళ్ళ పిల్లలందరికీ కట్టేవాళ్ళం, రేవతికీ కట్టాం, అది ఏనాడైనా జడుసుకుందా అని అడిగింది. పులిగోరు ఇంట్లో దొరికితే జైలు, అందులో నేను ఫారెస్టు వాచర్ని, నన్ను ముందు వేస్తారు అన్నాను. అయితే అల్లుడుగారూ, ఆ చట్టాన్నే తాడుకి గుచ్చి పిల్ల మెళ్ళో కట్టండి, అదే నిద్రపుచ్చుతుంది అంది.

రేవతి నవ్వలేదు. నేనూ నవ్వలేదు.

29 జనవరి

రేంజర్ గారు చెప్పారని సుచిత్ర గారితో చిలకలపూడి వెళ్ళాను. ఆమె హైదరాబాదులో ల్యాబ్‌లో పని చేస్తుంది. సొంతూరు నందివాడ. వాళ్ళ నాన్నగారు అక్కడ పాస్టరు. మన మాటే మాట్లాడుతుంది కాబట్టి అడగడానికి మొహమాటం అనిపించలేదు.

ఆమె దగ్గర చిన్న డబ్బాలో దూది మీద పులిగోళ్ళు. అడవి పులివి కావు. ఒక జూలో ముసలి పులికి కాలి ఆపరేషన్ చేసినప్పుడు గోరు మొదట్లోని చర్మం పిసరు తీసి ఉంచారట. ఆ కణాలను గాజు పళ్ళేల్లో పెంచితే గోరు తయారవుతుందట. ఆ పులి పోయి రెండేళ్ళయిందట. గోళ్ళు మాత్రం ఇంకా పెరుగుతున్నాయట. ఆమె మామూలుగానే చెప్పింది. నేను డబ్బా మూత పెట్టి ఇచ్చేశాను.

గోవర్ధనరావు గారి రోల్డ్‌గోల్డ్ షెడ్డులో ఒక గోటి అంచు కాస్త గీకి దీపంలో పెట్టి చూశారు. వెంట్రుక కాలిన వాసన వచ్చింది. ఇది ప్లాస్టిక్ కాదు, అసలుదే అన్నాడాయన. సుచిత్ర గారు టార్చి తీసి నీలం లైటు వేసింది. గోటి లోపల ఆవగింజంత చుక్క ఆకుపచ్చగా వెలిగింది. ల్యాబ్ గోరుకే ఆ చుక్క ఉంటుంది, పోలీసులు పట్టుకున్నా చూపిస్తే చాలు అంది.

తొడుగులు బిగించే నాగమల్లేశ్వరి రెండు గోళ్ళను ఎదురెదురుగా చంద్రవంకలా కూర్చి బిళ్ళ చేసింది. మా రోల్డ్‌గోల్డ్‌కి తగ్గ రోల్డ్ పులే దొరికిందండీ మేడం అంది. షెడ్డంతా నవ్వారు.

తిరుగు ప్రయాణంలో సుచిత్ర గారు అసలు విషయం చెప్పింది. పిల్లలకు కట్టే చిన్న గోళ్ళకు ఇప్పుడు పులులు దొరకవు. బావురుపిల్లిని చంపి, దాని గోళ్ళే పులికూనవని అమ్ముతున్నారు. ఈ ల్యాబ్ గోరు అందరికీ అందుబాటులోకి వస్తే మడ అడవిలోకి ఉచ్చులు పట్టుకుని ఎవరూ రారు. మొదటిది ఎవరైనా ఊళ్ళోవాళ్ళు తమ పిల్లకు కడితే మిగతావాళ్ళు నమ్ముతారు అంది. ఆమె మాట పూర్తి కాకముందే మా అమ్మాయికి కడతాను అన్నాను.

30 జనవరి

బిళ్ళకు అత్తయ్య పసుపు రాసి, సాంబ్రాణి వేసి, తనే కట్టింది. ముఖంలో కళ వచ్చింది. ఎన్నాళ్ళకి అల్లుడనిపించుకున్నారు అంది. ఆమెను మోసం చేయడం ఇష్టం లేక ఉన్నది ఉన్నట్టు చెప్పాను. సంతోషిస్తుందనే అనుకున్నాను.

ఈ గోళ్ళ కోసం ఏ పులీ చావలేదా అని అడిగింది. లేదన్నాను. ఏ పిల్లీ చావలేదా అంది. లేదన్నాను. చచ్చిన పులే కదయ్యా పిల్లకి కాపలా ఉండేది, ఏదీ చావకపోతే దీని పక్కన కూర్చునేదెవరు అంది.



బావమరిది అయ్యప్ప భోజనానికి వచ్చాడు. బావకి అబద్ధం చెప్పడం కూడా చేతకాదే అమ్మా, నోరు మూసుకుని ఉంటే పులి అక్కడే కూర్చునేది కదా అని నవ్వాడు. భార్గవి చేతిలో నా ఫోన్ తీసుకుని బావురుపిల్లి ఫోటో చూశాడు. ఏ పాయ బావా ఇది అన్నాడు. రెండోది, తూము అవతల, తాతారావు రొయ్యల చెరువు వెనకాల అని చెప్పాను.

3 ఫిబ్రవరి

నిద్ర లేదు. బిళ్ళ మెళ్ళోనే ఉంది.

8 ఫిబ్రవరి

చలి తగ్గింది. పొద్దున ఒకటో పాయ చూసుకుని మధ్యాహ్నం బందరు వెళ్ళాం. బరువు మళ్ళీ తగ్గింది. ఇంకో వారం చూస్తాను, ఆ తర్వాత మీరు ఒప్పుకున్నా లేకపోయినా అడ్మిట్ చేస్తాను అన్నాడు డాక్టరు. రేవతి తల ఊపింది. బస్సులో భార్గవి నా భుజం మీద వాలిన ప్రతిసారీ ఉలిక్కిపడి లేచింది. ఎదురు సీట్లో ముసలాయన చూసి చూసి, ఏమైందమ్మా పాపకి అని అడిగాడు. రేవతి పిల్లని తన ఒళ్ళోకి తీసుకుంది.

11 ఫిబ్రవరి

పడుకుంది.

12 ఫిబ్రవరి

మళ్ళీ పడుకుంది. ఎండ మొహం మీద పడేదాకా లేవలేదు. ఊపిరి ఆడుతోందా అని రేవతి పక్కనే కూర్చుని చూస్తూ ఉంది. పొయ్యి కూడా వెలిగించలేదు. హోటల్ నుంచి ఇడ్లీ తెచ్చాను. లేచి నాలుగు తింది.

సుచిత్ర గారికి ఫోన్ చేశాను. నిజంగానా అండీ అంది. అది మందు కాదు కదా నాంచారయ్య గారూ, తల్లిదండ్రుల ధైర్యం కోసం ఇస్తున్నాం అంతే అంది. గొంతులో సంతోషం మాత్రం దాగలేదు.

14 ఫిబ్రవరి

పడమర గాలి. తాతారావు కబురు చేశాడు, చెరువు తూము దగ్గర ఏదో చచ్చి కంపు కొడుతోందని. వెళ్ళాను. బావురుపిల్లి. ఉబ్బిపోయింది. కుడి చెవి చిరిగి ఉంది.

ముందు పాదాలు రెండూ లేవు. కీలు దగ్గర కోశారు. తిన్నగా కోశారు.

రేంజర్ గారు వచ్చి కుక్కల పని కాదు కదా అన్నారు. కాదన్నాను. పశువుల డాక్టరు వచ్చి చూశాక అక్కడే కాల్చాం. గట్టు మీద నిలబడి మంట ఆరేదాకా చూశాను. తాతారావు ముక్కుకి తువ్వాలు కట్టుకుని, మా చెరువులో రొయ్య తిని తిని ఎంత బలిసిందండీ అన్నాడు.

ఇంట్లో చెప్పలేదు. పాదాల సంగతి రేంజరుకీ, డాక్టరుకీ, తాతారావుకీ, నాకూ తప్ప ఎవరికీ తెలియదు. తాతారావుని ఎవరితో అనవద్దన్నాను. ఫోన్లో ఫోటో తీసేశాను.

17 ఫిబ్రవరి

మా గుమ్మం ముందు మనుషులు. గుడివాడ నుంచి ఒకాయన కారులో వచ్చాడు. నందివాడ నుంచి తల్లీకూతుళ్ళు, పిల్లాణ్ణి చంకనేసుకుని. అందరూ భార్గవిని చూస్తామన్నారు. నిద్రపోతున్న పిల్లని తలుపు దగ్గర నిలబడి చూసి వెళ్ళారు, గుళ్ళో చూసినట్టు. తాతారావు పోయేవాళ్ళని ఆపి, మా నాంచారయ్య బావ దేవుడండీ, గవర్నమెంటు వాళ్ళే పులిని వండి పెడుతున్నారు అని చెబుతున్నాడు.

అడిగిన వాళ్ళందరి ఊర్లూ రాసి సుచిత్ర గారికి పంపాను. చిలకలపూడిలో ఇంకా చేయమని చెప్పానంది. ఇంత తొందరగా అనుకోలేదు, అంతా మీ అమ్మాయి వల్లే అంది.

21 ఫిబ్రవరి

ఎండ ముదిరింది. మినుము కోతలు మొదలయ్యాయి. భార్గవి బడికి వెళ్తోంది. పొద్దున నేనే జడ వేస్తున్నాను. పిల్లి రోజూ వస్తోంది నాన్నా అంది. ఏ పిల్లి అన్నాను. నీ ఫోన్లోది అంది. రాత్రి గుమ్మం దగ్గర కూర్చుంటుందట. లోపలికి రాదట. ఒళ్ళంతా తడిగా ఉంటుందట. భయమేస్తోందా అని అడిగాను. లేదు, అది ఉంటే నీళ్ళు రావు అంది.

తర్వాత, అది మోచేతుల మీద ఎందుకు నడుస్తోంది నాన్నా అంది.

జడ సగంలో వదిలేశాను. మిగతాది రేవతి వచ్చి అల్లింది.

22 ఫిబ్రవరి

ఎవరినీ ఏమీ అడగలేదు.

4 మార్చి, మంగళవారం

మోపిదేవి. వేడి. గుడి బయట పందిరి కింద ల్యాబ్ గోళ్ళ స్టాలు. మంగళవారం కాబట్టి జనం కిటకిటలాడారు. తలనీలాలకి, చెవులు కుట్టించడానికి తెచ్చిన పిల్లలు. సుచిత్ర గారు భార్గవిని తీసుకురమ్మంటే రేవతినీ పిల్లనీ వెంటపెట్టుకెళ్ళాను. రేవతి పొద్దున్నుంచీ తలనొప్పి, పిల్లని ఇంట్లో ఉంచుదాం అంటూనే ఉంది. వినలేదు.

ఒకావిడ లేచి, ఇది ల్యాబ్‌ది అని మాకెలా తెలుస్తుందండీ, రేపు పోలీసులు పట్టుకుంటే అంది. చుక్క వెలుగుతుందమ్మా, చూపిస్తాను అని భార్గవిని కుర్చీ ఎక్కించింది సుచిత్ర గారు. నీలం లైటు వేసింది.

వెలగలేదు.

దగ్గరగా పెట్టింది. బిళ్ళ తిప్పింది. వెలగలేదు. జనం ముందుకు వంగి చూస్తున్నారు. బ్యాటరీ అయిపోయినట్టుందండీ, పొద్దున్నుంచీ వాడుతున్నాం కదా అని ఆమె టార్చి ఆర్పేసింది. నవ్వుతూనే చెప్పింది. తర్వాత నా వైపు చూసింది. నేను రేవతి వైపు చూశాను. రేవతి చెప్పుల వైపు చూస్తోంది.

డబ్బాలో ఉన్న వేరే గోటి మీద నేను పక్కకి వెళ్ళి అదే టార్చి వేసి చూశాను. ఆకుపచ్చగా వెలిగింది.

5 మార్చి

పనిలోకి వెళ్ళలేదు.

అత్తయ్య దాచలేదు. ఆ ల్యాబ్‌వి పీకేసి ఇవి బిగించి లక్క పోశాడు అయ్యప్ప, నేనే చేయించాను, ఇంకోసారైనా చేయిస్తాను అంది. పీకేసిన రెండూ గూట్లో అగ్గిపెట్టెలో ఉన్నాయి, మీవి మీరు తీసుకోండి అంది. నా ఉద్యోగం పోతుందన్నాను. ఉద్యోగం పోతే వల పట్టుకోండి, మా నాయన పట్టలేదా, ఈ పిల్ల పోతే ఏం పట్టుకుంటారు అంది.

రేవతికి మొదటి రోజు నుంచీ తెలుసు. తెలుసు అని ఒక్క మాట అంది. తర్వాత, పడుకుందా లేదా చెప్పండి, మీ కళ్ళతో చూశారా లేదా అంది.

చూశాను.

సాయంత్రం అయ్యప్ప దొరికాడు. పడవకి తారు పూస్తున్నాడు. తల ఎత్తకుండానే, ఎంతమంది అడుగుతున్నారో తెలుసా బావా, నీ పేరు చెప్పుకునే వస్తున్నారు అన్నాడు. ల్యాబ్ గోరు కట్టి చూసి పని చేయలేదని నా దగ్గరికి వచ్చినవాళ్ళూ ఉన్నారు అన్నాడు. ఇంకెన్నిటిని చంపావు అని అడిగాను. బ్రష్షు తారులో ముంచి, నా మేనకోడలికి కట్టింది ఒక్కటే అనుకో, నీకు నిద్ర పడుతుంది అన్నాడు.

6 మార్చి

సుచిత్ర గారే ఫోన్ చేసింది. అంతా చెప్పాను. చాలాసేపు విన్నది. ల్యాబ్‌ది కట్టినప్పుడు పడుకోలేదు, చంపింది కట్టాక పడుకుంది, బయటికి చెబితే జనానికి వినబడేది ఇదొక్కటే అండీ అంది. రేపటి నుంచి పాయల్లో ప్రతి వేరుకీ ఒక ఉచ్చు ఉంటుంది అంది. చెప్పకపోతే అయ్యప్ప ఉన్నాడు కదమ్మా అన్నాను. అవునండీ అంది. నా పిల్ల అయితే ఏం చేసేదాన్నో నాకే తెలియదు, మీకు ఏం చెప్పను అంది. ఏడుస్తోందేమో తెలియలేదు. సిగ్నల్ పోయింది.

7 మార్చి

ఉక్క. రెండో పాయ కార్డు తెచ్చాను. చెవి చిరిగినదాని దారిలోనే ఒక బావురుపిల్లి పిల్ల తిరుగుతోంది. ఇంకా సరిగ్గా ఈదడం రాదు. దాని వెనకాల ఫోటోలో ఒక మనిషి వీపు. చేతిలో గోతం. ముఖం పడలేదు.

పడక్కర్లేదు.

8 మార్చి

మధ్యాహ్నం భార్గవి చాప మీద నిద్రపోతుంటే తాడు కోశాను. కదల్లేదు. రేవతి వంటింటి తలుపు దగ్గర నిలబడి చూసింది. ఆపలేదు. అడ్డం రాలేదు. అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది.

రేంజర్ గారి బల్ల మీద బిళ్ళ పెట్టాను. మీ ఇంట్లో అని ఎందుకు రాయడం నాంచారయ్యా, గట్టు మీద దొరికిందని రాద్దాం, తెలియని వ్యక్తులు అందాం అన్నారు. పాపం మంచి మనసుతోనే అన్నారు. ఇంట్లో అనే రాయమన్నాను. పేరు అడిగారు. అయ్యప్ప అన్నాను. నీకు ఏమవుతాడు అని తెలిసీ అడిగారు. రేవతి తమ్ముడు అన్నాను.

9 మార్చి

అయ్యప్పని పడవ దగ్గరే పట్టుకున్నారు. గోతం దొరికింది. అందులో పిల్ల బతికే ఉంది. అంతా నేనే చేశాను, మా అమ్మకేం తెలియదు అన్నాడట. జీపు ఎక్కేటప్పుడు నన్ను చూసి, బావా, తారు ఆరలేదు, పడవని నీళ్ళలోకి దింపకండి అన్నాడు.

అత్తయ్య కుళాయి దగ్గర వీధి వీధంతా వినేలా చెప్పింది. అసలు గోరు కడితేనే నా మనవరాలు బతికింది, దాన్ని కన్నతండ్రే కోసి తీసుకుపోయాడు అంది. ఇద్దరు ఆడవాళ్ళు ఆమెను పక్కకి తీసుకెళ్ళి ఏదో అడిగారు. ఏం అడిగారో నాకు తెలుసు. తాతారావు ఎదురుపడి, అయితే గవర్నమెంటు పులి పని చేయలేదన్నమాట అన్నాడు. ఈసారి బావ అనలేదు.

10 మార్చి

పొద్దున లేచేసరికి గుమ్మం తడిగా ఉంది. రాత్రి వాన లేదు. తుడిచాను.

11 మార్చి

మళ్ళీ తడి. తుడిచాను. రేవతి చూసి ఏమిటది అని అడగలేదు.

నందివాడ నుంచి ల్యాబ్ గోళ్ళు తిరిగి వచ్చేశాయని సుచిత్ర గారు మెసేజ్ పెట్టింది. ప్రాజెక్టు ఆపుతున్నారట. రెండో పాయలో ఈ పొద్దు ఉచ్చులు దొరికాయి. అయ్యప్ప కట్టే ముడి కాదు. ఎవరివో తెలియదు. గోతంలోని పిల్ల పాలు తాగడం లేదట.

భార్గవి మెళ్ళో ఏమీ లేదు. నిద్రపోతోంది. పొద్దున అన్నం తినేటప్పుడు నెమ్మదిగా అడిగాను, పిల్లి వస్తోందా అమ్మా అని. ఏ పిల్లి అంది.

12 మార్చి

రేవతి ముందుగది ఊడుస్తూ మాట్లాడింది. పిల్ల పడుకుంటోంది, నాకే పట్టడం లేదు అంది. మీ పక్కన పడుకుంటే అయ్యప్ప గుర్తొస్తున్నాడు, మీరు తప్పు చేశారని అనను, పడుకోలేను అంతే అంది. గుడివాడలో పెద్దమ్మ ఇంటి మేడ గది ఖాళీగా ఉందట. ఎన్నాళ్ళకి అని నేను అడగలేదు. ఆమె చెప్పలేదు.

మూడు సంచులు సర్దింది. బరువైనదాని తాడు నేను బిగించాను.

13 మార్చి

ఎండ. ఉదయం ఐదున్నర బస్సుకి రేవతి, అత్తయ్య, భార్గవి వెళ్ళారు. భార్గవి నిద్రలోనే ఉంది. లేపవద్దన్నాను.